ముందు షాటు... ఆ తర్వాతే కెమెరా!

జల్‌పల్లి అనగానే జలం గుర్తుకొస్తుంది. ఊరికి చెరువు కూడా ఉంది. లేనిదల్లా సముద్రమే! శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో, సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్న మా ఊరి నుంచి ఉప్పునీటి అల చూడాలంటే రోడ్డు మీద 300 కిలోమీటర్లకు పైనే పోవాలి. అయినా మా ముందుగదిలో ఒక బుల్లి సముద్రం ఉందంటే నమ్ముతారా?

మూడడుగుల గాజుతొట్టి. సుమారు 180 లీటర్లు పడుతుంది. లీటరుకు 35 గ్రాముల చొప్పున ఉప్పు. అందులో జంట క్లౌన్ చేపలు... 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' హీరోగారి బంధువులన్నమాట! వాటి చుట్టూ మెత్తని రకం జోయాంథిడ్లు, మష్రూమ్ పగడాలు. మన సముద్రాల్లోని గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, వాటి జోలికి పోకూడదు.

ఈ వైభవాన్ని ఫొటో తీయాలన్న కోరిక నాది. అవసరం మాత్రం మా బాబాయిది. 1970లలో మద్రాసు స్టూడియోల్లో కెమెరా అసిస్టెంటుగా పనిచేసిన మనిషి. టేపు పట్టుకుని హీరోయిన్ ముక్కుకీ లెన్సుకీ మధ్య దూరం కొలిచి ఫోకస్ తిప్పడం ఆయన ఉద్యోగం. ఇప్పుడు రెటీనా నడుమ భాగం దెబ్బతిని, సూటిగా చూస్తే అంతా మసక. గంతులేసే రెండంగుళాల చేప ఆయన కంటికి ఆనదు. కదలని పెద్ద ఫొటో అయితే పక్కచూపుతో తీరిగ్గా చూడగలరు. ఆ పక్కచూపుతోనైనా ఇంకా ఎన్నాళ్లు చూడగలరో డాక్టర్లు చెప్పడం లేదు.

పదిహేను నెలలుగా దాచిన డబ్బు తీసి, "బాబాయ్, నీళ్లలో మునిగే కెమెరా కొందామా?" అన్నాను.

"ముందు షాటేమిటో చెప్పరా. కెమెరా సంగతి తర్వాత!" అన్నారాయన.

ఇద్దరం కాగితం మీద రాసుకున్నాం. షాటు ఒకటి: ఎదురుగా, గాజులోంచి చేపల క్లోజప్. దీనికి కెమెరా తడవాల్సిన పనే లేదు! మ్యాక్రో లెన్సున్న మామూలు కెమెరా చాలు. లెన్సు గాజుకు నిటారుగా ఉండాలి. ఏటవాలుగా పెడితే మందపాటి గాజూ నీళ్లూ కలిసి బొమ్మను సాగదీస్తాయి. గదిలో దీపాలార్పి, కెమెరా చుట్టూ నల్లగుడ్డ కప్పితే మన మొహాలు గాజులో కనబడవు.

షాటు రెండు: పైనుంచి, పువ్వుల్లా విచ్చుకున్న పగడాలు. నీటిపైన అలలు ఆడుతుంటాయి గనక లెన్సు ఉపరితలం కిందికి దిగితేనే బొమ్మ తేటగా వస్తుంది. జలాంతర కెమెరా కావలసింది ఇక్కడ... అదీ రెండంగుళాల లోతుకి!

ఇక అభ్యర్థులను పిలిచాం. సెల్‌ఫోను ఐపీ68 రేటింగు మంచినీటి పరీక్షకు సంబంధించింది. ఉప్పునీటికి పూచీ లేదు. పైగా నీళ్లలో టచ్ స్క్రీను సరిగా పలకదు. గోప్రో లాంటివి లాంగ్ షాట్ల వీరులు. మామూలు లెన్సుతో దగ్గరికెళ్తే మసక, దూరం జరిగితే చేప చీమంత. పెద్ద కెమెరాకు నీరు చొరని పెట్టె తొడిగితే, పెట్టె ధర చాలాసార్లు కెమెరా ధరతో పోటీపడుతుంది. చివరికి మిగిలింది 2023లో వచ్చిన ఓఎమ్ సిస్టమ్ టీజీ-7. 15 మీటర్ల లోతు వరకు ఓర్చుకుంటుంది. అయితే మమ్మల్ని ఒప్పించింది ఆ లోతు కాదు, లెన్సుకు సెంటీమీటరు దూరంలో ఉన్న వస్తువునూ ఫోకస్ చేసే దాని మైక్రోస్కోప్ మోడ్.

"నీళ్లలో టేపు అబద్ధం చెబుతుందిరా" అన్నారు బాబాయి. నిజమే. నీటి వక్రీభవన గుణకం 1.33. నలభై సెంటీమీటర్ల దూరంలో ఉన్న పగడం లెన్సుకు ముప్ఫైలో ఉన్నట్టే కనబడుతుంది.

అసలు విలన్ మాత్రం రంగు! సముద్రంలో లోతుకు పోయేకొద్దీ నీరు ముందుగా ఎరుపును మింగేస్తుంది. కెమెరాల్లోని 'అండర్ వాటర్' మోడు ఆ లోటు పూడ్చడానికే. మన తొట్టిలో ఉన్నది అడుగున్నర నీరు, అది ఎరుపును ఏం మింగుతుంది? ఇక్కడి నీలమంతా పైనున్న ఎల్‌ఈడీలది. 450 నానోమీటర్ల దరిదాపుల్లోని ఆ వెలుగుకే పగడాల్లోని ప్రొటీన్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. మన కన్ను సర్దుకుంటుంది గానీ కెమెరా అంతా నీలం పులిమేస్తుంది. అందుకే లెన్సు ముందు నారింజరంగు ఫిల్టరు పెట్టాలి. లేదా ఫొటో తీసేంతసేపు తెల్లలైటు పెంచి, తెల్లటి ప్లాస్టిక్ ముక్క చూపించి వైట్ బ్యాలెన్స్ సరిచేయాలి. 'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్‌లే వెన్నెలను తెరమీదికి తెచ్చింది వెలుగును మచ్చిక చేసుకునే కదా!

షూటింగు రోజున పంపులు పది నిమిషాలు ఆపాం. సబ్బు, క్రీము తగలని చేతులకు గ్లవ్స్ తొడిగాను. కొన్ని జోయాంథిడ్లలో పాలీటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది, ఆ చేత్తో కళ్లు నులుముకుంటే ప్రమాదం. పని కాగానే కెమెరాను మంచినీళ్లలో నానబెట్టాం. రబ్బరు సీలు మీద వెంట్రుక పడినా నీళ్లు లోపలికి దూరతాయి, అదీ తుడిచి చూశాం.

పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల ప్రింటు తెచ్చి బాబాయి ఒళ్లో పెట్టాను. మొహం పక్కకు తిప్పి, అంగుళం అంగుళం జరుపుతూ చాలాసేపు చూశారు.

"చేప కంటి మీద ఫోకస్ బాగుంది. తోక వదిలేశావు, ఫరవాలేదు" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "ఆ రెండోది ఆడదా, మగదా?" అని అడిగారు.

తొట్టి పెట్టి రెండేళ్లయింది. మా చేపల గురించి ఆయన ఒక ప్రశ్న అడగడం ఇదే మొదటిసారి. పెద్దది ఆడది బాబాయ్, క్లౌన్ చేపల్లో అంతే, అని చెప్పాను.