ఒకే బొగ్గుపొర మీద రెండు దేశములు

2024 సెప్టెంబరు నెలలో మా మేనల్లుని ఆహ్వానము మీద మేమిద్దరము నెదర్లాండ్స్ దేశమునకు వెళ్ళివచ్చాము. అతడు ఐందోవెన్ పట్టణములో ఇంజనీరు. అతని తండ్రి, అనగా మా బావగారు, ఇల్లెందులో ముప్పై యేళ్ళు బొగ్గుబాయి దిగిన మనిషి. బయలుదేరే ముందు ఆదివారము, ఆరాధన అయిన తరువాత, మా సంఘములోని ఒక వృద్ధుడు మా చేయి పట్టుకొన్నాడు. ఆయన కూడ బాయిలోనే రిటైరయినవాడు. “అయ్యగారూ, ఆ దేశాల్లో కూడా బొగ్గుబాయిలు ఉండేవంట, అన్నీ మూసేశారంట. మరి ఆ కార్మికుల పిల్లలు ఏమయ్యారో కాస్త కనుక్కొని రండి” అన్నాడు.

ఆయన ఎందుకడిగాడో మాకు తెలుసు. ఇల్లెందును పెద్దలు నేటికీ బొగ్గుట్ట అంటారు. 1889లో అక్కడ బొగ్గు తీయుట మొదలైనది. 1990ల ఆరంభములో సింగరేణిలో లక్షకు పైగా పనివారుండగా, నేడు ఆ సంఖ్య నలబై వేల దగ్గరకు దిగినది. ఆ వృద్ధుని పెద్ద మనవడు డిగ్రీ మధ్యలో మానేసి, తండ్రి ఉద్యోగము వారసత్వముగా తనకు వచ్చునని ఎదురుచూచుచున్నాడు. చిన్న మనవడు ఆరవ తరగతి. కనుక అది ఊరక అడిగిన ప్రశ్న కాదు.

మేనల్లునితో ఈ మాట చెప్పగా, “మామయ్యా, అయితే మిమ్ములను ట్యూలిప్ తోటలకు కాదు, హేర్లెన్‌కు తీసుకువెళ్తాను. అక్కడినుండి బెల్జియం కూడ చూద్దాము” అన్నాడు. ఒక శుక్రవారము ఉదయము కారులో బయలుదేరాము.

ఈ రెండు దేశములు పక్కపక్క ఇండ్లవంటివి. 1815 నుండి 1830 వరకు ఒకే రాజు క్రింద ఒకే రాజ్యముగా ఉండి, తరువాత వేరుపడినవి. నెదర్లాండ్స్‌లో సుమారు 1 కోటి 80 లక్షల మంది, బెల్జియంలో సుమారు 1 కోటి 18 లక్షల మంది ఉన్నారు. రెండు చోట్లా యూరో నాణెమే చెల్లును. సరిహద్దులో గేటు లేదు, పోలీసు లేడు. బోర్డుల మీద అక్షరములు మారినప్పుడే దేశము మారినదని తెలియును. నేల క్రింద ఉన్న బొగ్గుపొరలు ఆ సరిహద్దును అసలే ఎరుగవు. అటునుండి ఇటు సాగిపోయినవి.

హేర్లెన్ ఊరిలో దిగి మేము ఆశ్చర్యపోయాము. ఈ చుట్టుపక్కల ఒకప్పుడు 12 గనులుండేవి. నాలుగు ప్రభుత్వానివి, ఎనిమిది ప్రైవేటువి. కాని ఎక్కడ చూచినా పచ్చని చెట్లు, శుభ్రమైన వీధులు. నల్లని గుట్టలు లేవు. ఊరికి గురుతుగా నిలిచిన పెద్ద పొగగొట్టమును సహా 1976లో కూల్చివేశారట. ఒక గని దింపుడు కట్టడమును మాత్రము జ్ఞాపకార్థము ఉంచారు. గని కార్మికులకు మంచి ఇండ్లు కట్టించుటకు 1911 నుండి పాటుపడిన పూల్స్ అను కాథలిక్కు గురువును ఈ ఊరివారు ఇప్పటికీ తలంచుకొందురు.

ఈ ఊరి నాటకశాలలోనే 1965 డిసెంబరు 17న ఒక సభ జరిగినది. ఆర్థిక మంత్రి యోప్ డెన్ ఔల్ స్వయముగా వచ్చి, గని నాయకుల యెదుట నిలబడి, గనులు మూసివేయబోతున్నామని చెప్పాడు. అమెరికా బొగ్గు, అరబ్బు దేశముల నూనె చవకగా వచ్చుచుండెను. దేశపు ఉత్తరమున గ్రోనింగెన్‌లో 1959లో సహజవాయువు దొరికెను. ఇక లోతు గనుల బొగ్గు గిట్టుబాటు కాదు. అయితే ఆ మంత్రి ఇంకొక మాట కూడ ఇచ్చాడు: బదులు పని చూపకుండ గని మూయము. అప్పటికి గనులలో సుమారు 45 వేల మంది ఉన్నారు. మొదటి పెద్ద గని 1967లో మూతపడినది. చివరి గని 1974 డిసెంబరు 31న. అనగా సభ జరిగిన నాటినుండి తొమ్మిదేళ్ళు.

ఆ తొమ్మిదేళ్ళలో ఏమి చేశారు? ప్రభుత్వ గనుల సంస్థ బొగ్గునుండి ఎరువులకు, ఎరువులనుండి రసాయనములకు, ప్లాస్టిక్కులకు మారినది. గని పేరులోని మొదటి అక్షరములతోనే అది డి.ఎస్.ఎం. అను పెద్ద కంపెనీ అయినది. దేశపు గణాంక శాఖలో ఒక భాగమును, ప్రభుత్వోద్యోగుల పెన్షను నిధి కార్యాలయమును ఈ మారుమూలకు తెచ్చి పెట్టారు. బోర్న్ అను ఊరిలో కార్ల ఫ్యాక్టరీ పెట్టించారు. పాతికేళ్ళవాడు కొత్త పని నేర్చుకొని నిలబడ్డాడు.

కాని యాభై యేళ్ళవాని మాటేమిటి? ఊపిరితిత్తులలో బొగ్గుధూళి నిండిన మనిషి ఆఫీసు కుర్చీలో కూర్చోగలడా? ఇచ్చిన మాట సగమే నెరవేరినది. మూసిన ఉద్యోగములకు సరిపడ కొత్తవి రాలేదు. అనేకులు పనిచేయలేనివారుగా వ్రాయించుకొని భత్యము మీద ఇంట కూర్చున్నారు. దేశమంతటా అట్టివారి సంఖ్య 1990 నాటికి తొమ్మిది లక్షల దగ్గరకు చేరినది. అన్నము లేక ఎవరూ చావలేదు, కాని ఉదయము లేచి పోవలసిన పని లేకపోయినది. హేర్లెన్‌లో కొందరు యౌవనస్థులు హెరాయిన్ అను మత్తుమందుకు బానిసలైరి. రైల్వే స్టేషను చుట్టూ సాయంకాలము నడచుటకు జనులు భయపడిన కాలము ఉండెనట. చెట్లు నాటినంత సులభముగా మనుష్యులను తిరిగి నాటలేమని అక్కడ మాకు అర్థమైనది.

వాయువు సొమ్ము సంగతి కూడ చెప్పవలెను. అది దండిగా వచ్చినది. అయితే దాని వలన దేశపు నాణెము విలువ పెరిగి, వారి వస్తువులు పొరుగువారికి ఖరీదై, ఫ్యాక్టరీలు దెబ్బతిన్నవి. 1977లో లండనులోని ఎకానమిస్ట్ పత్రిక దీనికి ‘డచ్చి జబ్బు’ అని పేరు పెట్టగా, నేటికీ అర్థశాస్త్రములో అదే పేరు. యోసేపు ఏడు సంవత్సరముల పంటను కొట్లలో దాచిన సంగతి మన ఆదివారపు బడి పిల్లలకు కూడ తెలుసు. నార్వేవారు తమ నూనె సొమ్మును దాచుకొన్నారు. డచ్చివారు అధికభాగము ఖర్చుచేశారు. చివరకు వాయువు తీసిన చోట భూమి కంపించి ఇండ్ల గోడలు బీటలు వారినవి. 2012 ఆగస్టులో హౌజింగె గ్రామము దగ్గర వచ్చిన కంపము అన్నిటికంటె పెద్దది. ఆ బావులు శాశ్వతముగా మూయవలెనని 2024లో చట్టము చేశారు.

మరునాడు సరిహద్దు దాటి బెల్జియంలోని గెంక్ పట్టణమునకు వెళ్ళాము. ఇక్కడ బొగ్గు 1901లో కనుగొనబడినది. ఇక్కడి కథ వేరు. 1966 జనవరిలో జ్వార్ట్‌బెర్గ్ గనిని మూయబోగా కార్మికులు తిరుగబడ్డారు. ఆ గొడవలో ఇద్దరు ప్రాణములు కోల్పోయారు. హేర్లెన్‌లో మంత్రి సభకు వచ్చి కొన్ని వారములే అయినది, ఇక్కడ వీధిలో రక్తము. ఆ తరువాత ప్రభుత్వము వెనుకకు తగ్గి, నష్టమును పూడ్చుచు మిగిలిన గనులను నడిపించినది. చివరి గని జోల్డర్ 1992లో మూతపడినది. పొరుగువారికంటె పద్దెనిమిదేళ్ళు ఆలస్యము. ఆ పద్దెనిమిదేళ్ళు కుటుంబములు అన్నము తిన్నవి, నిజమే. కాని అదే డబ్బు కొత్త పనులకు పోలేదు. వింటర్‌స్లాగ్ గనిలో నేడు సినిమాలు, కళాశాల, ప్రదర్శనలు జరుగుచున్నవి. దింపుడు గోపురములు అలాగే ఉన్నవి. డచ్చివారు చెరిపివేసినదానిని వీరు నిలుపుకొన్నారు.

మూడవ దినము దక్షిణమునకు, ఫ్రెంచి మాట్లాడే వలోనియాకు వెళ్ళాము. యూరపు ఖండములో ఇంగ్లాండు తరువాత మొట్టమొదట యంత్రములు తిరిగిన నేల ఇది. షార్లెరోవా దగ్గర మార్సినెల్‌లో ఉన్న గనిలో 1956 ఆగస్టు 8న, పైకి లేచుచున్న పంజరములో సరిగా ఎక్కని ఒక టబ్బు నూనె గొట్టమును, కరెంటు తీగను తెంపగా నిప్పు పుట్టినది. 262 మంది చనిపోయారు. వారిలో 136 మంది ఇటలీవారు. 1946లో రెండు ప్రభుత్వముల మధ్య ఒడంబడిక కుదిరినది: ఇటలీ మనుష్యులను పంపవలెను, బెల్జియం బొగ్గు పంపవలెను. గోడమీద పేర్లు చదువుచుండగా మా యింటావిడ కన్నీరు ఆపుకొనలేకపోయినది. బావగారు రెండవ షిఫ్టుకు పోయిన రాత్రులలో తన అక్క గుమ్మములో కూర్చుండుట ఆమెకు జ్ఞాపకము వచ్చినదట.

అక్కడికి కొంత దూరములో బోరినాజ్ ప్రాంతమున్నది. డచ్చి పాస్టరు కుమారుడైన విన్సెంట్ వాన్ గో చిత్రకారుడు కాకముందు 1879లో ఇక్కడ గని కార్మికుల మధ్య సువార్త పనివాడుగా ఉండెను. తానే గనిలోకి దిగి చూచెను, తన బట్టలు పంచియిచ్చెను. పంపినవారికి అది నచ్చక ఆయన నియామకమును పొడిగించలేదు. ఆ గనులు 1950ల చివరినుండి ఒక్కొక్కటి మూతపడినవి. వలోనియాలో చివరి గని 1984లో ఆగినది. లియెజ్‌లోని ఇనుప కొలుములు 2011లో ఆరినవి. ఉత్తరమున ఓడరేవులు, కొత్త పరిశ్రమలు పెరుగగా, దక్షిణము వెనుకబడినది. ఒకప్పుడు దక్షిణము ధనము, ఉత్తరము పేద. ఇప్పుడు తారుమారు. ఎవరి డబ్బు ఎవరికి పోవుచున్నదని ఉత్తర దక్షిణముల మధ్య నేటికీ వాదము.

ఇక రెండు ఇండ్ల లెక్క చూడండి. 2023లో నెదర్లాండ్స్ ప్రభుత్వ అప్పు ఆ దేశపు ఏడాది సంపాదనలో సుమారు 45 శాతము. బెల్జియం అప్పు నూరు శాతము దాటియున్నది. గనుల వలననే అంత అప్పు అయినదని మేము చెప్పుటలేదు. అయినను మూయవలసినదానిని అప్పుచేసి నడిపించు అలవాటు ఆ లెక్కలో లేకపోలేదు. అయితే డచ్చివారు తెలివిగలవారు, బెల్జియంవారు తెలివితక్కువవారు అనుకొనరాదు. డచ్చివారి చేతిలో వాయువు ఉండెను. అది లేకపోతే ఆ మంత్రి అంత ధైర్యముగా మాట్లాడగలిగెనా? మరియు గని పిల్లల కొరకు గెంక్‌లో 1964లో పెట్టిన ఫోర్డ్ ఫ్యాక్టరీ 2014 డిసెంబరులో మూతపడి నాలుగు వేల మందికి పైగా పని పోయినది. బోర్న్‌లోని కార్ల తయారీ కూడ 2024 ఫిబ్రవరిలో ఆగినది. బొగ్గుకు బదులు వచ్చినది కూడ శాశ్వతము కాలేదు. అందరికంటె బాగా నిలబడినది చేతిలో ఒక పని పోయినా ఇంకొకటి నేర్చుకొనగల చదువున్నవాడే.

ఇంటికి వచ్చిన తరువాత ఆ వృద్ధుని యింటికి వెళ్ళి చూచినదంతా చెప్పాము. హేర్లెన్‌లో మునిగిపోయిన గనులనుండి గోరువెచ్చని నీరు తోడి, 2008 నుండి దానితో ఇండ్లు వెచ్చచేసుకొనుచున్నారని చెప్పగా నవ్వాడు. మార్సినెల్ సంగతి చెప్పగా చాలసేపు మాటలాడలేదు. చివరకు ఒక్కటే అడిగాడు.

“తొమ్మిదేళ్ళు ముందుగా చెప్పారా అయ్యగారూ?”

“చెప్పారు” అన్నాము.

ఆయన లోపలికి చూచి చిన్న మనవడిని పిలిచాడు. వాడు పుస్తకము చేత పట్టుకొని వచ్చి నిలబడ్డాడు. “మాకెవరూ చెప్పకపోతే నేనే చెప్పుకోవాలి. తొమ్మిదేళ్ళంటే వీడి డిగ్రీ అయిపోద్ది” అన్నాడు. తరువాత పెద్దవాడు ఎక్కడున్నాడని కోడలిని అడిగి, రేపు వానిని వెంటబెట్టుకొని కాలేజీకి పోయి, మానేసిన చదువు మరల కట్టించవచ్చునేమో విచారించి రమ్మని మమ్మును కోరాడు. మరునాడు ఉదయము మేము వెళ్ళాము.