సెలవులంటే నాకు ఒళ్ళు మంట!

మీకందరికీ సెలవులంటే ఇష్టమే కదూ? నాకు మాత్రం క్యాలెండర్లో ఎర్ర అంకె కనపడితే చాలు, గుండెల్లో దడ మొదలవుతుంది. ఈ మాట పైకంటే మా వారు ఊరుకోరు. "నీకు నచ్చేది ఈ లోకంలో ఒక్కటన్నా ఉందా? పుట్టినప్పుడు ఏడవకుండా సణిగావటగా, మీ అమ్మ చెప్పింది" అంటారు. నిజమేనేమో! నేను సణుగుతాను. ఒప్పుకుంటున్నాను. కానీ సెలవు ఎవరికండీ? ఆఫీసు వాళ్ళకి సెలవు, బడి పిల్లలకి సెలవు. పొయ్యికి ఎప్పుడన్నా సెలవు ఉందా? మామూలు రోజు ఎనిమిదింటికల్లా తినేసి ఎవరి దారిన వాళ్ళు పోతారు. సెలవు రోజున పదింటికి ఒకరు, పదకొండింటికి ఒకరు లేస్తారు. ఒకరికి దోసె, ఒకరికి ఉప్మా. "ఇవ్వాళ సెలవే కదా, కాస్త గారెలు వెయ్యరాదూ" అని పై నుంచి ఆర్డరు!

ఇక మా ఊరి సంగతి. మాది పుల్లలచెరువు. నల్లమల అంచున, పాత ప్రకాశం జిల్లా పడమటి కొసన ఉంటుంది. పేరులో చెరువుంది చూశారూ, అది విని మోసపోయిన వాళ్ళలో నేనూ ఒకదాన్ని. నా పుట్టిల్లు నరసరావుపేట దగ్గర కాలవ కింద పల్లెటూరు. సాగరు కాలవలో ఈత కొట్టి పెరిగాను. 1998లో పెళ్ళి చూపులకి వచ్చినప్పుడు మా అమ్మ అన్నీ అడిగింది. పొలం ఎంత, కొట్టు మీద ఏమాత్రం వస్తుంది, అబ్బాయికి సిగరెట్టు అలవాటుందా, ఇలా. నీళ్ళ సంగతి ఒక్కటే అడగలేదు. చెరువు పేరున్న ఊళ్ళో నీళ్ళుండవని ఎవరనుకుంటారు చెప్పండి?

కాపురానికొచ్చిన మూడో రోజున పప్పు పొయ్యి మీద పెట్టాను. గంటైంది, గంటన్నరైంది. కందిపప్పు రాళ్ళలాగే ఉంది. కొత్త కోడలికి పప్పు ఉడకబెట్టడం కూడా రాదనుకుంటారేమోనని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను. మా అత్తయ్య వచ్చి, "అది నీ తప్పు కాదమ్మాయ్, నీళ్ళ తప్పు. ఇక్కడి బోరు నీళ్ళకి పప్పు ఉడకదు" అని, ముందు రోజు తెచ్చి దాచిన మంచినీళ్ళు రెండు చెంబులు పోసింది. అరగంటలో మెత్తగా ఉడికింది. అప్పటి నుంచీ నేను నేర్చుకున్న చిట్కా మీకూ చెబుతున్నా. ఉప్పు నీళ్ళ ఊళ్ళో ఉండేవాళ్ళు పప్పుని కనీసం గంట మంచినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళతోనే ఉడికించి, చివర్లో చింతపండు వెయ్యండి. ముందే పులుపు వేశారా, ఇక ఆ పప్పు సంక్రాంతికి కూడా ఉడకదు.

ఉడకని పప్పు ఒక ఎత్తు. ఫ్లోరైడు ఇంకో ఎత్తు. తాగే నీళ్ళలో లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములకి మించి ఫ్లోరైడు ఉండకూడదంటారు. మా పడమటి మండలాల్లో చాలా బోర్లలో అంతకు మించి ఉంటుంది. పిల్లల పళ్ళ మీద గోధుమ రంగు చారలు, పెద్దవాళ్ళకి కీళ్ళు పట్టెయ్యడం ఇక్కడ కొత్త కాదు. మా అత్తయ్య ఇప్పుడు ఒంగి నడుస్తుంది. పీట మీద కూచుంటే మళ్ళీ లేవడానికి ఇద్దరు పట్టుకోవాలి. ఇంకో మాట. నీళ్ళు కాచి తాగితే ఫ్లోరైడు పోతుందని కొంతమంది అనుకుంటారు. పోదు. కాచిన కొద్దీ నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. అందుకే ఇప్పుడు తాగడానికి ఇరవై లీటర్ల క్యాను కొంటున్నాం. వాడకానికి ట్యాంకరు.

ఇలాంటి ఊరికి ఎండాకాలం సెలవులకి ఎవరన్నా వస్తారా? వస్తారు! హైదరాబాదు నుంచి మా ఆడపడుచు, ఇద్దరు పిల్లలతో. "పల్లెటూరు గాలి పీల్చుకుందామని వచ్చాం వదినా" అంటుంది. గాలి ఎంతైనా పీల్చుకోమనండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ పిల్లలు రోజుకి రెండు స్నానాలు, స్నానానికి నాలుగు బకెట్లు! "అత్తా, షవరు లేదా?" అని అడిగాడు చిన్నవాడు. "ఉంది నాయనా, ఆకాశంలో. ఎప్పుడు తిప్పుతారో తెలీదు" అన్నాను. వాడు నవ్వాడు. ట్యాంకరు రాని రోజున మాత్రం మా ఆడపడుచు కూడా కొంగు బిగించి, నాతో పాటు బిందె పట్టుకుని వీధి చివరిదాకా వచ్చింది. వచ్చేటప్పుడు సగం నీళ్ళు చీర మీదే ఒలికాయి. "చిన్నప్పుడు నేనెంత సులువుగా మోసేదాన్ని వదినా" అంది. ఆ పూట నేను సణగలేదు.

రాజకీయాలు ఆడవాళ్ళకెందుకంటారు కొందరు. నీళ్ళు మోసేది ఎవరు మరి? మా వైపు ఎన్నికలొస్తే ముందుగా వినపడే పేరు వెలిగొండ. శ్రీశైలం నుంచి మా పడమటి మండలాలకి నీళ్ళు తేవాలని పాటుపడ్డ మార్కాపురం ప్రాంతపు కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య గారి పేరే ఆ ప్రాజెక్టుకి పెట్టారు. 1996లో చంద్రబాబునాయుడు గారు శంకుస్థాపన చేశారు. అప్పటికి నాకింకా పెళ్ళి కాలేదు. తర్వాత రాజశేఖరరెడ్డి గారి హయాంలో సొరంగాల పనులు మొదలయ్యాయి. కొండల్ని తొలుచుకుంటూ ఒక్కొక్కటీ దాదాపు 19 కిలోమీటర్లు, రెండు సొరంగాలు. మొదటిది తవ్వడం 2021 జనవరికి అయింది, రెండోది 2024 జనవరికి. 2024 మార్చి 6న జగన్మోహనరెడ్డి గారు సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆ రోజు కాలవల్లోకి నీళ్ళు మాత్రం రాలేదు. ఇంకా చెయ్యాల్సిన పనులు చాలా ఉండిపోయాయి. నాకు ఏ పార్టీ మీదా ప్రత్యేకంగా కోపం లేదండీ. అందరి మీదా సమానంగానే ఉంది!

జిల్లాల కథ కూడా అంతే. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు ఒకప్పుడు కర్నూలు జిల్లావి. 1970లో ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2025 చివర్లో మార్కాపురం జిల్లా వేరు చేశారు. మంచిదే, ఇక ఒంగోలు దాకా పరుగెత్తక్కర్లేదు. కానీ మా అత్తయ్య అంటుంది, "నేను కర్నూలు జిల్లాలో పుట్టి, ఒంగోలు జిల్లాలో పెళ్ళి చేసుకుని, ప్రకాశంలో ముసలిదాన్నై, ఇప్పుడు మార్కాపురం జిల్లాకి వచ్చాను. ఇల్లు మారలేదు, బిందె మారలేదు" అని. నా సణుగుడు ఎక్కడి నుంచి అంటుకుందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది వేరే. మా అబ్బాయికి ఇరవై అయిదు దాటాయి. మార్కాపురంలో ఉద్యోగం, రోజూ ఊరి నుంచే వెళ్ళొస్తాడు. నిరుడు ఫాల్గుణంలో ఒక సంబంధం వచ్చింది. కాలవ కింద ఊరే. అమ్మాయి డిగ్రీ చదివింది, చక్కగా ఉంది. అన్నీ కుదిరాయి. వాళ్ళు మా ఇంటికి వచ్చినప్పుడు ఆ పిల్ల తల్లి వంటింట్లోకి వచ్చి, నెమ్మదిగా నా చెయ్యి పట్టుకుని అడిగింది. "వదినగారూ, ఏమీ అనుకోవద్దు. మీ ఊళ్ళో నీళ్ళు ఎట్లా ఉంటాయి?"

ఒక్క క్షణం నోట మాట రాలేదు. ఇరవై ఏడేళ్ళ కిందట మా అమ్మ అడగాల్సిన మాట అది. "బాగానే ఉంటాయి" అనేస్తే పోయేది. చెట్టంత కొడుకు పెళ్ళి. కానీ ఆ పిల్ల ముఖం చూస్తే, ఉడకని పప్పు ముందు కూచుని ఏడ్చిన నేనే గుర్తొచ్చాను. ఉన్నదున్నట్టు చెప్పాను. క్యాను నీళ్ళు, ట్యాంకరు, మా అత్తయ్య కీళ్ళు, అన్నీ. ఆవిడ తల ఊపి కాఫీ తాగి వెళ్ళింది. మళ్ళీ కబురు లేదు.

మా వారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "సణగడానికి వీధిలో వాళ్ళు చాలలేదా, వియ్యపురాలు కావలసిన ఆవిడ ముందు కూడానా?" అన్నారు. అబ్బాయి ఏమీ అనలేదు. రాత్రి భోజనం దగ్గర మాత్రం, "అమ్మా, మనం మార్కాపురంలో ఇల్లు తీసుకుందామా?" అన్నాడు. మా అత్తయ్య ముద్ద కలుపుతూ ఆగిపోయింది. "మీరు వెళ్ళండి నాయనా, నేను ఇక్కడే ఉంటా" అంది. ఆ మాటతో ఎవరం సరిగ్గా తినలేదు.

నా మనసు బాగు చెయ్యాలనేమో, తొలి ఏకాదశికి పాలంక తిరునాళ్ళకి పోదామన్నారు మా వారు. పాలంక వీరభద్రస్వామి మా పక్క నల్లమల అడవిలో ఉంటాడు. జనం ట్రాక్టర్ల మీద, ఆటోల మీద, కాలి నడకన బయల్దేరతారు. నేను తెల్లవారుజామున మూడింటికే లేచి పులిహోర కలిపాను. వేయించిన నువ్వుల పొడి రెండు చెంచాలు, వేరుశెనగ గుళ్ళు గుప్పెడు వేశాను. ఇలా చేస్తే సాయంత్రం దాకా పొడిపొడిగా ఉంటుంది. దారంతా రాళ్ళు. ట్రాక్టరు ట్రక్కులో కూచుంటే నడుము నాది కాదనిపించింది. "ఇది సెలవా, శిక్షా?" అని దారి పొడుగునా సణిగాను. పక్కన కూచున్నావిడ నవ్వి, "నువ్వు ఉంటే అలసట తెలీదు అక్కా" అంది.

అక్కడ కొండ చరియ నుంచి నీళ్ళు బొట్టుబొట్టుగా జారుతుంటాయి. పిల్లలు లేని ఆడవాళ్ళు ఆ బొట్ల కింద కొంగు పట్టి నిలబడతారు. బొట్టు కొంగులో పడితే సంతానం కలుగుతుందని నమ్మకం. ఎంత మంది నిలబడ్డారో! తలెత్తి, కదలకుండా, రెండు చేతులా కొంగు పరిచి. ఒకావిడ కళ్ళు మూసుకుని ఏడుస్తోంది. నేను అందరి మీదా జోకులేసే మనిషిని కదా, ఆ పూట నోరు పెగల్లేదు. నీటిబొట్టు కోసం తలెత్తి చూడ్డం నాకు తెలియని పనా? నా కొడుక్కి మంచి సంబంధం రావాలని మొక్కుకుందామనుకుని, ఎందుకో, "ఈ ఊళ్ళోకి వచ్చే కోడలెవరైనా బిందె మొయ్యకుండా చూడు స్వామీ" అని మొక్కుకున్నాను.

తర్వాత ఆగస్టు పదిహేను సెలవుకి శ్రీశైలం. డ్యాము గేట్లెత్తారు, చూడాల్సిందేనని మా ఆడపడుచు ఫోను. దోర్నాల ఘాటు రోడ్డు ఎక్కాం. మలుపులకి నాకు కడుపులో తిప్పింది. కోతి వచ్చి అరటిపళ్ళ సంచీ పట్టుకుపోయింది. మా వారు "పోనీలే, ఆంజనేయస్వామి" అన్నారు. కొన్నది ఆయన డబ్బుతో కాదు లెండి, నా పోపుల డబ్బాలోది! మల్లన్న దర్శనమయ్యాక డ్యాము చూడబోయాం. మొత్తం పన్నెండు గేట్లు. అబ్బ, ఆ నీళ్ళు! పాలు పొంగినట్టు తెల్లగా, ఆ హోరుకి పక్కవాళ్ళ మాట వినపడదు. తుంపర వచ్చి ముఖాన పడుతోంది. అందరూ ఫోటోలు తీసుకుంటున్నారు. "నవ్వు వదినా, నవ్వు" అంటుంది మా ఆడపడుచు. నాకు నవ్వు రాలేదు. లోపల లెక్కలు వేస్తున్నాను. ఇందులో ఒక్క నిమిషం నీళ్ళు ఎన్ని బిందెలు? ఎన్ని ట్యాంకర్లు? ఆ కొండలు దాటితే మా వైపే కదా? తర్వాత ఫోటో చూస్తే అందరూ పళ్ళికిలిస్తుంటే, నేనొక్కదాన్నే కిరాణా బాకీ లెక్క చూస్తున్న దానిలా ఉన్నాను.

ఇంటికొచ్చాక మా అత్తయ్య అడిగింది, "నీళ్ళు చూశావా అమ్మాయ్?" అని. "చూశాను అత్తయ్యా" అన్నాను. "చాలు, నేనది కూడా చూడలేదు" అంది. డ్యాము దగ్గర చిన్న సీసాలో పట్టుకొచ్చిన నీళ్ళు ఆమె చేతిలో పోశాను. కళ్ళకద్దుకుంది.

దసరా ముందు ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. ఆ పిల్ల తల్లి! "వదినగారూ, మీరు ఆ రోజు చెప్పినవి ఇంట్లో చెప్పాను. చాలా సంబంధాలు చూశాం. ఎక్కడ అడిగినా అన్నీ బాగున్నాయన్న వాళ్ళే. మీరొక్కరే ఉన్నది చెప్పారు. అమ్మాయి మళ్ళీ ఒకసారి మీ ఇల్లు చూస్తానంటోంది. పండగ సెలవుల్లో రమ్మంటారా?"

నేనేమన్నానో తెలుసా? "ఇప్పుడొద్దు. వానలు పడి ఊరంతా పచ్చగా ఉంది, ఇప్పుడు చూస్తే మోసపోతారు. ఏప్రిల్లో రండి. ట్యాంకరు రాని రోజున చూసి, అప్పుడు చెప్పండి. అబ్బాయి మార్కాపురంలో ఇల్లు తీసుకున్నా, మేము ఇక్కడే ఉంటాం. ఆ సంగతీ తెలుసుకుని రండి."

అవతల ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నవ్వింది. "సరే వదినగారూ, ఏప్రిల్లోనే" అంది.

కొట్లోంచి వచ్చిన మా వారు అంతా విన్నారు. తల కొట్టుకుంటారనుకున్నాను. కుర్చీలో కూలబడి, "ఇన్నేళ్ళలో సెలవులకి ఒకర్ని రమ్మని పిలవగా ఇదే మొదటిసారి చూడ్డం. అదీ ఎండాకాలం!" అన్నారు.

నిజమే. ఏప్రిల్లో వాళ్ళొస్తే నాలుగు బకెట్లు కాదు, అయిదు బకెట్లు స్నానం చేసినా ఏమీ అనను. సరే, పైకి అనను.