ఊపిరి లెక్క

మైపాడులో సముద్రపు హోరు రాత్రీ పగలూ వినపడుతూనే ఉంటుంది. ఆ హోరులోనే పుట్టి పెరిగినదాన్ని. అయినా ఒక రాత్రి అది నా చెవికెక్కలేదు. ఏడాదిన్నర మనవడి ఊపిరి ఒక్కటే వినపడింది.

కార్తీక మాసం, ముసురు. పొద్దున ఆడుకున్న పిల్లాడికి మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోయింది. దగ్గు. అల్లుడు వేటకెళ్లాడు. సాయంత్రానికల్లా నేనూ మా అమ్మాయీ వాణ్ని నెల్లూరు తీసుకెళ్లాం. డాక్టరుగారు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషంపాటు ఊపిరి లెక్కపెట్టారు. ఆ తర్వాతే రక్తపరీక్ష రాశారు. సీఆర్పీ అట. లీటరుకు 8 మిల్లీగ్రాములు వచ్చింది.

"తక్కువే ఉందమ్మా. వైరస్ కావచ్చు. ఇప్పుడే యాంటీబయాటిక్ వద్దు."

పాతిక కిలోమీటర్లు పడి వెళ్లి ఒక్క జ్వరం మందుతో తిరిగి రావడం నాకు నచ్చలేదు. నా మొహం చూసి ఆయన గ్రహించినట్టున్నారు.

"ఈ కాగితం ఈ సాయంత్రానిది, రేపటిది కాదు. నిమిషానికి 40సార్లు, ఆపైన ఊపిరి తీసినా, డొక్కలెగరేసినా, తాగడం మానేసినా దీన్ని చూడకుండా బయల్దేరండి" అన్నారు.

మూడోరోజు రాత్రి కరెంటు పోయింది. సెల్‌ఫోన్ వెలుగులో చూస్తే వాడి డొక్కలు లోపలికి పోతున్నాయి. గడియారం పట్టుకుని లెక్కపెట్టాను. 54. మళ్లీ లెక్కపెట్టాను. 56.

"పరీక్షలో ఏమీ లేదన్నారు గదమ్మా! ఈ వానలో ఎక్కడికి? తెల్లారనీ" అంది అమ్మాయి, రిపోర్టు చూపిస్తూ.

ఆరోజు ఆ కాగితాన్ని నమ్మనిది నేనే. ఆ రాత్రి దాన్నే నమ్మి పడుకోవాలనిపించిందీ నాకే. కానీ అంకె కళ్లముందు ఉంది. పక్కింటి ఆటోవాణ్ని లేపాను.

ఈసారి సీఆర్పీ 112. ఎక్స్‌రేలో న్యుమోనియా. ఆక్సిజన్, ఇంజెక్షన్లు, ఐదు రోజులు.

వాడు కాస్త తేరుకున్నాక, "మొదటి పరీక్ష తప్పా?" అని అడిగాను. "తప్పు కాదమ్మా, తొందర" అన్నారు డాక్టరుగారు. సీఆర్పీ అనేది కాలేయం తయారుచేసే ప్రొటీను. ఒంట్లో వాపు మొదలైన ఆరు నుంచి పన్నెండు గంటలకు రక్తంలో పెరగడం మొదలెడుతుంది. రెండు రోజులకు గానీ తారస్థాయికి చేరదు. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు దీన్ని కనుక్కున్నదీ న్యుమోనియా రోగుల రక్తంలోనేనట. కొన్ని వైరస్‌లకూ ఇది బాగా పెరుగుతుంది. ప్రొకాల్సిటోనిన్ అని ఇంకో పరీక్ష ఉంది, ఖరీదెక్కువ. ఏదైనా సరే, బిడ్డను చూడకుండా అంకెను మాత్రమే చూసి తేల్చకూడదు.

న్యుమోకోకల్ టీకా 2021 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో మావాడికీ వేయించాం. ఎంతో మేలు చేస్తుందిగానీ అన్ని రకాల క్రిములనూ అది ఆపలేదు.

ఇప్పుడు మా వీధిలో ఏ బిడ్డకు దగ్గొచ్చినా నన్ను పిలుస్తారు. వైద్యం నాకేం తెలుసు? లెక్కపెట్టడం నేర్పుతాను. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఆపైన ఐదేళ్లదాకా 40. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, నిండా నిమిషం.

ఇంటికొచ్చిన రాత్రి వాడు నిద్రపోయాక మళ్లీ లెక్కపెట్టాను. 28. అప్పుడు వినపడింది, సముద్రం.