దాసి చీరకట్టు

దండెం మీద వెలిసిపోయిన నేత చీర ఆరుతోంది. ఉతికి ఉతికి అంచు రంగు తేలిపోయింది. చిరుగు మీద వేసిన కుట్టు మాత్రం ఇంకా గట్టిగానే ఉంది. దాన్ని చూస్తుంటే బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ సినిమా గుర్తొచ్చింది. దానికి కళాదర్శకత్వం చిత్రకారుడు తోట వైకుంఠానిది. దుస్తులు మిర్యాలగూడ మనిషి, డ్రాయింగ్ మాస్టారు పిట్టంపల్లి సుదర్శన్‌వి. ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయి. దొర గడీలో చాకిరీ చేసే మనిషి బట్టలో మెరుపేముంటుంది? ఆ పాతదనాన్నే సుదర్శన్ నమ్ముకున్నాడు. ఆ తర్వాత జనం నోట ఆయన ‘దాసి’ సుదర్శన్ అయిపోయాడు. తీసినవాళ్లను సినిమా తనలో కలిపేసుకోవడమంటే ఇదేనేమో.

మరి చూసినవాళ్ల సంగతి? సూర్యాపేట, కోదాడ వైపు ఇళ్లల్లో వెట్టి మాట ఇంకా చెవినబడుతూనే ఉంటుంది. టీవీలో ఆ సినిమా వస్తే మా నాయనమ్మకు కథతో పనిలేదు. దాసిగా వేసిన అర్చన చీరకట్టే చూసేది. “మేం గూడ గట్లనే కట్టుకునేటోళ్లం” అనేది. ఎన్నడూ చెప్పని ముచ్చట్లు అప్పుడు మొదలయ్యేవి. తెర మీద తమలాంటి మనిషి కనబడితేగానీ, తమ బతుకూ చెప్పుకోదగిందేనని కొందరికి తోచదు.