పట్టెడ మీద పేరు

బెల్టు మీదో, తాళాల గుత్తికి తగిలించే తోలు బిళ్ల మీదో ఇంగ్లీషులో పేరు కొట్టించుకోవడం ఇప్పుడు కష్టం కాదు. అంగట్లో అచ్చుల పెట్టెలు దొరుకుతాయి, ఇరవై ఆరు అక్షరాలతో పని తీరిపోతుంది. తెలుగులో కొట్టమంటే మాత్రం చాలా చోట్ల తల అడ్డంగా ఊపుతారు. తెనాలిలో ఒక పెద్దాయన తెలుగులోనే కొడతారనీ, అదీ ఒంగోలు గిత్తల మెడ పట్టెడల మీద కొడతారనీ విని చూడటానికి వెళ్లాను.

కొట్టు అంటే ఇంటి ముందరి వసారాయే. గోడకు ఆరెలు, తోలు కోసే కత్తులు, మేకులకు వేలాడే మువ్వల గుత్తులు. నడుమ మందపాటి నల్లరాయి పలక. దానికి ఒక పక్క పెద్దాయన, ఇంకో పక్క ఆయన మనవడు కూర్చున్నారు. గోడ మీద దినపత్రికలోంచి కత్తిరించి అద్దం కట్టించిన ఫొటో ఒకటి ఉంది. ఎవరిదని అడగబోయి ఆగాను, చూస్తే తెలిసింది. ఇక్కడికి దగ్గర్లోనే యలవర్రులో 1922లో పుట్టి, మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థకు డైరెక్టరైన యలవర్తి నాయుడమ్మ. 1985లో కనిష్క విమానం పేలుడులో పోయారు. "తోలు పనివాడికి గౌరవం తెచ్చిన మనిషమ్మా" అన్నారు పెద్దాయన.

మనవడు పలక మీద పరిచిన తోలు తంగేడు రంగులో ఉంది. చెప్పుల్లో, సంచుల్లో కనిపించే మెత్తటి క్రోమ్ తోలు ఈ పనికి రాదట. ఎంత గట్టిగా కొట్టినా గుంట మళ్లీ పైకి లేచి అక్షరం మాసిపోతుంది. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ లాంటి చెట్టు సరుకుతో ఊనిన తోలైతేనే పడిన దెబ్బను దాచుకుంటుంది. ఆయనకు సరుకు తమిళనాడు నుంచి వస్తుంది.

తోలును తడి స్పాంజితో తుడిచి పక్కన పెట్టారు. వెంటనే కొట్టరు. నీళ్లు లోపలికి ఇంకి, పైన నల్లబడిన రంగు మళ్లీ తేటపడే దాకా ఆగాలి. చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి, చేతికి తడి అంటకూడదు. తడి ఎక్కువైతే అక్షరం అంచులు మెత్తబడి ఉబ్బుతాయి, తక్కువైతే అచ్చు లోతుగా దిగదు. ఆ వ్యవధిలో పిల్లవాడు అడుగువైపు వెడల్పాటి టేపు అంటించాడు. తడి తోలును వరసగా కొడుతూ పోతే సాగుతుంది, సాగితే మొదట్లో వేసుకున్న కొలతలన్నీ జరిగిపోతాయి. అందుకే తోలును పట్టెడ వెడల్పుకు ముందే కోయరు. అంచుకు దగ్గరగా అచ్చు పడితే అంచు బయటికి ఉబికి వంకర పోతుంది. పేరు కొట్టాకే కోత.

ఇంగ్లీషు అక్షరాలతో మనవడు ఒక పాత ముక్క మీద కొట్టి చూపించాడు. కంపాసు కాలితో ఆనీ ఆనకుండా ఒక గీత గీసి, దాని మీద ఉక్కు స్కేలు ఆనించి, అచ్చులను దానికి తాకిస్తూ కొట్టాడు. గీత తిన్నగా వచ్చింది. అచ్చుకూ అచ్చుకూ మధ్య ఒకే మందం అట్టముక్క పెట్టినా పేరు మాత్రం కుదరలేదు. ఐ చుట్టూ బోలెడు ఖాళీ, ఏ పక్కన వి పడినచోట పెద్ద సందు, ఎన్, ఎమ్ పక్కపక్కన వచ్చినచోట ఇరుకు. "బద్ద పెట్టి కొలిస్తే అన్నీ సమానమే. కంటికి సమానం కాదు. రెండు గీతల మధ్య ఎంత దూరముందని కాదు, ఎంత ఖాళీ కనబడుతోందో చూడాలి" అన్నారు పెద్దాయన. ఏటవాలు అక్షరాలను దగ్గరికి జరపాలి, నిలువు గీతలను కాస్త దూరంగా పెట్టాలి. తోలు పని నేర్చుకునే ఎవరికైనా ఇది మొదటి పాఠం. ఈ వసారాలో అసలు పని దీని తర్వాత మొదలైంది.

ఆ రోజు పట్టెడ మీద కొట్టాల్సిన పేరు వీరభద్ర. బండలాగుడు పోటీలకు వెళ్లే గిత్త పేరు. పెద్దాయన ఒక చెక్కపెట్టె తెరిచారు. అందులో పోతపోసిన ఇత్తడి అచ్చులు, చిన్న చిన్న అరలు. పూర్తి గుణింతం చేయించాలంటే వందల అచ్చులు కావాలి. అంత సొమ్ము ఎక్కడిది? ఒకప్పుడు అచ్చాఫీసులో కంపోజిటరుగా చేసిన స్నేహితుడు ఆయనకు దారి చూపాడట. అక్షరాల బొడ్డులు వేరు, తలకట్లు వేరు, గుడులు వేరు, కొమ్ములు వేరు, ఒత్తులు వేరు. తలకట్టు లేని క ఉంటే దాని మీద తలకట్టు పెడితే క, గుడి పెడితే కి. అన్నిటికీ ఈ లెక్క చెల్లదు. వ పక్కనే కొమ్ము అతికిస్తే అది మ అయి కూర్చుంటుంది, అందుకని వు కొట్టేటప్పుడు కొమ్మును కిందినుంచి తిప్పి తెచ్చే అచ్చు ప్రత్యేకంగా ఉంది.

స్కేలు ఇక్కడ పనికిరాలేదు. ఇంగ్లీషు పెద్దక్షరాలన్నీ ఒకే గీత మీద నిలబడతాయి. మనకు పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు, మూడు అంతస్తులు. అక్షరం అరంగుళం ఉంటే ఒత్తుతో కలిపి అంగుళం దాటుతుంది. అచ్చు కాడ ముందువైపు ఆకురాయితో చిన్న గాటు పెట్టుకున్నారాయన. అది అక్షరం అడుగు ఎక్కడుందో, ముఖం ఎటుందో రెండూ చెబుతుంది. తోలు మీద గీసిన గీతకు ఆ గాటును సరిచూస్తారు, ఒత్తు గీత కిందికి స్వేచ్ఛగా దిగుతుంది.

కొట్టే ముందు కాగితం. అచ్చులను స్టాంపు ప్యాడు మీద అద్ది ఒక్కొక్క అక్షరాన్నీ కాగితం మీద వేసి, ముక్కలుగా కత్తిరించి, రాతిపలక మీద వరసగా పేర్చారు. నేను అక్కడున్న సమయంలో ఎక్కువ భాగం ఈ ముక్కలను జరపడంతోనే గడిచింది. వీ వెడల్పు, ర సన్నం. తెలుగు అక్షరాలు గుండ్రం కాబట్టి పక్కపక్కన ఇట్టే ఒదుగుతాయి, ఇంగ్లీషు కంటే సుళువే. చిక్కంతా కింద. భ అడుగున చిన్న నిలువుగీత ఉంది. పక్కనే ద్ర. ద కింది క్రారవడి ఎడమ పక్కకు చాచుకుని వచ్చి సరిగ్గా భ గీతను తగిలేలా ఉంది. దూరం జరిపితే పేరు వీరభ, ద్ర అని రెండు ముక్కలైపోతుంది. దగ్గర పెడితే రెండు గీతలూ కలిసి ఇంకేదో అక్షరంలా కనిపిస్తుంది. పెద్దాయన ద్ర ముక్కను ఇటు జరిపి, అటు జరిపి, చివరికి క్రారవడిని ఒక నూలు మందం కిందికి దించారు. ఆ సన్నటి ఎడం కోసం వీ, ర, భల మధ్య సందులన్నీ మళ్లీ కొద్దికొద్దిగా పెంచారు. అప్పుడు పేరు ఒక్క మాటగా నిలిచింది. ఆ ముక్కలను ఒక కాగితపు పట్టీ మీద అంటించి, పట్టీని సగానికి మడిచి, మడత గుర్తును పట్టెడ నడిమధ్యకు సరిపెట్టారు. అక్షరాలు నాలుగు కదా అని రెండో దాని తర్వాత మధ్య అనుకుంటే కుదరదు, వీ ఒక్కటే మిగతావాటి కంటే అంత వెడల్పు.

కొయ్యసుత్తితో ఒక్కో అచ్చుకు ఒక్కటే దెబ్బ. రెండోసారి కొడితే అచ్చు వెంట్రుకవాసి కదిలినా అక్షరానికి నీడ పడుతుంది. ముందు బొడ్డులు, తర్వాత తలకట్లు, గుడిదీర్ఘం, ఆఖరున క్రారవడి. పడిన ప్రతి అచ్చూ చుట్టుపక్కల తోలును కాస్త తోస్తుంది కాబట్టి సన్నటివి చివరికి ఉంచుతారు. తప్పు పడితే దిద్దుబాటు లేదు. తడిపి ఎముకతో రుద్దితే గుంట కొంచెం పూడుతుంది, పూర్తిగా పోదు.

వాళ్ల నాన్న చెప్పులు, మోట తోళ్లు, పట్టెడలు కుట్టేవారట. "నాన్నకి చదువు చెప్పినవాళ్లు లేరమ్మా. మా వాళ్లని బడి అరుగు ఎక్కనివ్వని రోజులు. పువ్వులూ చుక్కలూ కొట్టేవాడు. పువ్వుకీ పువ్వుకీ మధ్య ఎడం మాత్రం ఏ బద్దా లేకుండా కుదిరేది. నాకు అక్షరాలొచ్చాయి గానీ ఎడం నేర్పింది ఆయనే." ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. అక్షరాన్ని ఆ చేతుల దాకా రానివ్వని మనం, ఆ చేతుల్లో ఉన్న ఇంత సూక్ష్మమైన చూపును చదువుగా ఏనాడూ లెక్కపెట్టలేదు. తెలుగు అచ్చుల పెట్టె బజారులో దొరకకపోవడం వెనుక గిరాకీ తక్కువన్న లెక్క ఒక్కటే లేదని నా నమ్మకం. మన లిపి చిక్కని మనమే అనుకుని వదిలేశాం. ఇక్కడ ఒక మనిషి ఆ చిక్కును విడదీసి అరల్లో సర్ది పెట్టుకున్నారు.

పెట్టెలో కొన్ని అరలు ఇంకా ఖాళీగా ఉన్నాయి. ఠ, ఢ ఒత్తులు లేవు, వాటి అవసరం రాలేదట. పోతపోసేవాడికి ఈసారి ఇవ్వడానికి కాగితం మీద రాసుకున్న జాబితా చూపించారు: క్ష, జ్ఞ, ణ ఒత్తు, రెండో సైజు గుడిదీర్ఘం. "కృష్ణ అని ముగ్గురు అడిగారు, ణ ఒత్తు లేక తిప్పి పంపాను. ముందు అది చేయించాలి" అని దాని పక్కన పెన్సిలుతో ఒకటి అంకె వేశారు.