కుందూ గట్టున ఈరోజు, రేపు, ఎల్లుండి

కుందూ పుట్టేది ఓర్వకల్లు మండలం ఉప్పలపాడు దగ్గర, ఎర్రమల గుట్టల్లో. అక్కడ అది వంకంత సన్నన. నంద్యాల చేరేసరికి మద్దిలేరు, చామకాల్వ లాంటివి కలిసి ఏరవుతుంది. పడమట ఎర్రమల, తూర్పున నల్లమల, నడుమ పరుచుకున్న నల్లరేగడి దాని సొంతం. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ నేలను నమ్ముకున్నవాళ్లు వాతావరణం గురించి అడిగేది కొంచెమే: ఈరోజు ఎట్లుంటుంది, రేపు, ఎల్లుండి?

వాతావరణ శాఖ లెక్కలో కూడా ఆ మూడు రోజులది ఒక విభాగం. 72 గంటల దాకా చెప్పేది స్వల్పకాలిక అంచనా. దేశమంతటి బులెటిన్‌లో దేశాన్ని 36 ఉపవిభాగాలు చేసి చెబుతారు. కశ్మీరులో మంచు కురుస్తుంది, పంజాబును పొగమంచు కమ్ముతుంది, తమిళనాడులో వాన పడుతుంది. రాయలసీమకు చాలా రోజులు వచ్చేది ‘పొడి వాతావరణం’ అన్న మాటే. తుంగభద్ర ఒడ్డు నుంచి చిత్తూరు దాకా అంతా అందులోనే సర్దుకోవాలి.

కానీ కుందూ వెంట కిందికి పోతే చలి అంతటా ఒకటి కాదు. ఉత్తరాన పడమటి అలజడి ఒకటి దాటిపోయాక దాని వెనక వచ్చే పొడిగాలి ఆదిలాబాదును వణికించి, పదును తగ్గి ఇక్కడికి చేరుతుంది. ఆకాశం తేటగా ఉండి గాలి ఆగిన రాత్రి, నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. తడి మడులు, కేసీ (కర్నూలు-కడప) కాల్వ, ఏటి గుంతలు ఉన్నచోట తెల్లవారేసరికి పొగమంచు దిగుతుంది. అదే రాత్రి బంగాళాఖాతం మీది నుంచి మబ్బు వచ్చి కప్పితే చలి తగ్గిపోతుంది, మంచు ఉండదు. ఇంత మార్పుకు ఒక్క రాత్రి చాలు. మహానందిలో మాత్రం కోనేటి నీళ్లకు ఈ లెక్కలేవీ పట్టవు. ఎముకలు కొరికే పొద్దున కూడా దిగినవాళ్లకు గోరువెచ్చగా తగులుతాయి.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ సుమారు నలభై కిలోమీటర్లు. జాతీయ రహదారి శిరివెళ్ల మీదుగా పోతుంది. ఏరు దానికి పడమరగా గోస్పాడు, కోయిలకుంట్ల వైపు సాగుతుంది. 50 నుంచి 200 మీటర్ల లోపే కనిపిస్తే దట్టమైన పొగమంచు అంటుంది వాతావరణ శాఖ. 50 కూడా కనిపించకపోతే అతి దట్టం. ఈ రోడ్డు మీద ఆ మాటకు ప్రాణాల విలువ ఉంది. మార్జిను మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు, దీపం లేకుండా నిలిపిన ట్రాక్టరు మంచులో కనపడవు. ముందురోజు సాయంత్రమే ఆ కబురు డ్రైవరుకు అందాలి.

కోయిలకుంట్ల చుట్టూ శనగచేలు. ఇక్కడ శనగకు వాన కంటే అక్టోబరు, నవంబరులో నేల పట్టి ఉంచుకున్న పదునే ఆధారం. 1906లో మొదలైన నంద్యాల పరిశోధన స్థానం యంత్రంతో కోయడానికి వీలైన ఎన్‌బీఈజీ 47 లాంటి రకాలను ఇచ్చింది. అయినా పూతమీద ముసురు పడితే ఏ రకమైనా పూత రాలుస్తుంది. మబ్బు నాలుగు రోజులు నిలిస్తే పచ్చపురుగు పెరుగుతుంది. మందు కొట్టిన సాయంత్రమే వాన వస్తే మందూ పోయె, కూలీ పోయె. రైతు కొట్టాలా, ఆగాలా అని తేల్చుకునేది ఆ మూడు రోజుల కబురుతోనే. నా దృష్టిలో సీజను మొత్తానికి వేసే రుతుపవనాల అంచనా కంటే ఇది విలువైనది. రుతుపవనం తక్కువంటే రైతు చేయగలిగింది కొంతే. రేపు వానంటే పట్టలు కప్పుకోగలడు, కోత ఆపుకోగలడు.

తుపాను నడక కూడా చూడాలి. నివర్ 2020 నవంబరు చివర పుదుచ్చేరి దగ్గర తీరం దాటి, బలహీనపడుతూ వచ్చి కూడా రాయలసీమను తడిపింది. మిగ్‌జాం 2023 డిసెంబరులో నెల్లూరు తీరం వెంబడి పైకి పోయి 5న బాపట్ల దగ్గర దాటింది. దారి వంద కిలోమీటర్లు పక్కకు జరిగితే ఆళ్లగడ్డ కల్లాల్లో కథ మారిపోతుంది.

2025 మేలో మొదలైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గడుల్లో లెక్క కడుతుంది. అంతకుముందు గడి 12 కిలోమీటర్లు. అంటే నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య ఆరేడు గడులు. ‘ఒకటి రెండు చోట్ల తేలికపాటి వర్షం’ అన్న మాటలో ఆ చోటు పేరు చెప్పగలిగే వీలు ఇప్పుడు దగ్గరపడింది. చెప్పి తీరాలి కూడా.

చాగలమర్రి వైపు రాజోలి ఆనకట్ట. కేసీ కాల్వ నీళ్లు కుందూలో కలిసి నడిచి, ఇక్కడ మళ్లీ కాల్వకు ఎక్కుతాయి. 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వి, 1882లో ప్రభుత్వానికి అమ్మేసిన కాల్వ అది. రాజోలి దిగువన కుందూ కడప జిల్లాలో ప్రొద్దుటూరు దాటి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఒకే ఏటి నీళ్లు తాగే చేలకు రెండు జిల్లాల బులెటిన్లు. నీళ్లు వదిలేది ఆయకట్టు లెక్కన అయినప్పుడు, వాన కబురు కూడా ఆయకట్టు లెక్కనే ఇవ్వాలి. రోజూ సాయంత్రం, కాల్వ గేట్ల దగ్గర, రైతు సేవా కేంద్రాల గోడల మీద, మూడు రోజులకు మూడు వరుసలు తెలుగులో రాసి పెడితే చాలు.