అమ్మకి నిద్ర ఎవరిస్తారు?

కవలలు పుట్టారనగానే మన ఇళ్ళల్లో మొట్టమొదట వినిపించే మాట, "ఒక్క పురుడుతో ఇద్దరూ వచ్చేశారు, ఇంకేం కావాలి!" అని. సంతోషం పట్టలేక అనే మాటే, తప్పు పట్టక్కర్లేదు. కాకపోతే అన్నవాళ్ళు పొద్దుగూకే వేళకి వాళ్ళింటికి వెళ్ళిపోతారు. పురుడు ఒక్కటే గాని పాలు ఇద్దరికీ పట్టాలి కదండీ. గుడ్డలు ఇద్దరివీ మార్చాలి. త్రేన్పు వచ్చేదాకా ఇద్దరినీ విడివిడిగా భుజాన వేసుకుని వీపు నిమరాలి. ఒకరు కళ్ళు మూశారని మనం నడుం వాలుద్దామనుకుంటామా, సరిగ్గా అప్పుడే రెండో ఆవిడ లేస్తుంది.

మా అమ్మాయికి కవలలు, ఇద్దరూ ఆడపిల్లలు. పురుడు మా కాకినాడలోనే. ఆ తొలి నెలలు దగ్గరుండి చూశాను గనక, ఇప్పుడు కడుపులో ఇద్దరున్నారని తెలిసి మురిసిపోతూ, లోలోపల బెంగపడుతున్న ఇళ్ళవాళ్ళతో నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది. అమ్మమ్మలూ నాయనమ్మలూ, పిల్లల నాన్నలూ ముఖ్యంగా వినండి. ఎక్కువగా మీతోనే నా పని.

ముందు ఒక లెక్క చూద్దాం. పురిటి బిడ్డ రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగాలి. తక్కువలో తక్కువ ఎనిమిదే అనుకుందాం. ఇద్దరికీ కలిపి పదహారు. కవలలు సగం పైగా నెలలు నిండకుండానే, అంటే 37 వారాల లోపే పుడతారు. బరువు తక్కువ, పీల్చే ఓపిక తక్కువ. పాలు పట్టి, త్రేన్పించి, గుడ్డ మార్చేసరికి ఒక్కొక్కరికి నలభై నిమిషాలు ఎటూ పోవు. పదహారు నలభైలు 640 నిమిషాలు, పదిన్నర గంటల పైమాట. ఇందులో తల్లి స్నానం లేదు, భోజనం లేదు, ఆపరేషన్ కుట్ల నొప్పి లేదు, ఉతికిన గుడ్డలు మడతపెట్టడం లేదు. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదని చెప్పడానికి ఈ లెక్క చాలదూ?

అందుకని నేను గట్టిగా నమ్మేది ఒకటే. కవలలున్న ఇంట్లో తొలి రెండు మూడు నెలలు మిగతా ఏర్పాట్లన్నీ ఒక ఎత్తు, తల్లికి రోజులో ఒక్కసారైనా నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్ర దొరికేలా చూడటం ఒక ఎత్తు. అది దొరికితే పాలు పడతాయి, కుట్లు మానతాయి, మనసు కుదురుగా ఉంటుంది. దొరక్కపోతే ఎన్ని వెల్లుల్లి కారాలు పెట్టినా, ఎంత కాయం తినిపించినా బాలింత కోలుకోదు. "పిల్లలు పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అని అందరూ చెబుతారు. ఒక బిడ్డ ఉన్నచోట అది మంచి సలహానే. ఇద్దరూ ఒకేసారి పడుకుంటే కదా! ఆ నిద్ర ఇంట్లోవాళ్ళం పనిగట్టుకుని ఇవ్వాల్సిందే.

మా ఇంట్లో ఏం చేశామో చెప్తాను. రాత్రి తొమ్మిదింటికి అమ్మాయి ఇద్దరికీ పాలిచ్చి వేరే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. పిల్లలు మా దగ్గర. పదకొండున్నర, పన్నెండు మధ్య లేస్తే, పగలు పిండి ఫ్రిజ్‌లో పెట్టిన తల్లిపాలు బయటికి తీసి, వేడినీళ్ళ గిన్నెలో ఉంచి గోరువెచ్చన చేసేవాళ్ళం. పాలగిన్నెని నేరుగా పొయ్యి మీద మాత్రం పెట్టకూడదు. ఒకరిని అల్లుడు, ఒకరిని నేను ఒళ్ళో కాస్త లేపి కూర్చోబెట్టుకుని ఉగ్గుగిన్నెతో పట్టేవాళ్ళం. పెదవికి ఆనిస్తే ఎంత చక్కగా చప్పరిస్తారో! పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో నెలలు నిండని పిల్లలకి నర్సులు పట్టేది కూడా ఈ ఉగ్గుగిన్నె లాంటి దానితోనే. సీసా కంటే శుభ్రం చేసుకోవడం తేలిక, బిడ్డకి పీకకి అలవాటు పడే బాధ ఉండదు. రెండింటికి అమ్మాయి లేచేది. అప్పుడు మా వంతు నిద్ర. పాలు బాగా పడ్డాక, పిల్లల బరువు పెరుగుతోందని డాక్టరుగారు చెప్పాకనే ఈ ఏర్పాటు పెట్టుకున్నాం. మొదటివారం మాత్రం తల్లి దగ్గరే ఎన్నిసార్లు పీలిస్తే పాలు అంతగా పడతాయి.

"ఇద్దరికీ సరిపోతాయా పాలు?" అని అడగని చుట్టం లేదు. ఆ ప్రశ్న బాలింత ముందు మాత్రం అడక్కండి. బిడ్డ ఎంత తాగితే ఒళ్ళు అంత తయారుచేస్తుంది. ఇద్దరు తాగితే ఇద్దరికి తయారుచేస్తుంది. చాలామందికి సరిపోతాయి. రెండు పక్కలా దిండ్లు పెట్టుకుని, పిల్లల కాళ్ళు వెనక్కి వచ్చేలా చెరో చంకలోకి తీసుకుంటే ఇద్దరికీ ఒకేసారి పట్టవచ్చు. ఇందాకటి పదిన్నర గంటల్లో చాలా భాగం అక్కడే కలిసొస్తుంది. కాకపోతే మొదట్లో పక్కన ఇంకో మనిషి ఉండి, పిల్లల్ని అందించి, దిండు సర్దాలి. అలాగే, సరిపోకపోతే డాక్టరు చెప్పిన పైపాలు పట్టడం నేరమూ కాదు, పాపమూ కాదు. ఆ మాట నలుగురిలో గట్టిగా అనాల్సింది మనమే.

నెలలు నిండని, బరువు తక్కువ పిల్లలకి తల్లి ఒంటి వేడి ఎంత అవసరమో 1978 ప్రాంతంలో దక్షిణ అమెరికాలోని కొలంబియాలో ఒక డాక్టరు కళ్ళారా చూపించాడు. ఎడ్గార్ రే సనాబ్రియా ఆయన పేరు. బొగోటా నగరంలోని పెద్దాసుపత్రిలో పిల్లలు ఎక్కువ, వేడిపెట్టెలు తక్కువ. అప్పుడాయన బిడ్డని తల్లి గుండెల మీద, చర్మానికి చర్మం ఆనేలా పడుకోబెట్టి కట్టించాడు. ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ కంగారూ కేర్ అంటున్నది అదే. రోజుకి ఎనిమిది గంటలు మొదలుకొని, వీలైతే ఇరవైనాలుగు గంటలూ అలా ఉంచమంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఇద్దరు పిల్లల్ని అన్ని గంటలు ఒక్కతే మోస్తుందా? ఇక్కడే నాన్నలు ముందుకి రావాలి. మగవాళ్ళ గుండె మీద కూడా బిడ్డకి అంతే వెచ్చగా ఉంటుంది. మా అల్లుడు చొక్కా విప్పి చిన్నదాన్ని ఛాతీ మీద పెట్టుకుని, పైన మెత్తని పాత చీర కట్టించుకుని కూర్చునేవాడు. మొదటి రోజు ఊపిరి గట్టిగా తీయడానికి కూడా భయపడ్డాడు పాపం. తర్వాత తర్వాత అలాగే కూర్చుని పేపరు చదువుకునేవాడు.

ఇక గుర్తుపట్టడం సంగతి. ఒకే పోలికతో ఉన్న కవలలైతే పేర్లు తారుమారవ్వడం ఒక్కటే కాదు చిక్కు. ఒకరికే రెండుసార్లు మందు పడి రెండోవాళ్ళకి అసలు పడకపోవడం అసలైన ప్రమాదం. ఇల్లంతా నిద్రమొహాలతో తిరిగే రోజులు కదా. మొలతాడు ఒకరికి నల్లది, ఒకరికి ఎర్రది కట్టాం. దిష్టిచుక్క పెద్దదానికి కుడి అరికాల్లో, చిన్నదానికి ఎడమ అరికాల్లో. కంట్లో కాటుక మాత్రం వద్దు. ఒక నోటుబుక్కు తెచ్చి గడియారం కింద వేలాడదీశాం. ఎవరు, ఎన్నింటికి, పాలు ఎంత, ఒంటికి, రెంటికి, విటమిన్ డి చుక్కలు వేశామా లేదా. ఎవరు చేస్తే వాళ్ళే రాయాలి. పుట్టిన ఐదారు రోజుల తర్వాత బిడ్డ రోజుకి ఆరుసార్లకి తగ్గకుండా ఒంటికి పోసుకుంటుంటే పాలు అందుతున్నాయని అర్థం. ఆ లెక్క ఇద్దరికీ విడివిడిగా తెలియాలంటే బుక్కు తప్ప దారిలేదు. (పెద్దది, చిన్నది అంటున్నాను గాని, రెండోసారి బయటికొచ్చినదే పెద్దదని వాదించే పెద్దవాళ్ళు మన వైపు ఇంకా ఉన్నారు. బారసాల రోజున మా ఇంట్లో దాని మీద పెద్ద చర్చే నడిచింది.)

నా వయసువాళ్ళతో ఒక మాట. మనం నేర్చుకున్నవన్నీ ఈ చిన్న ప్రాణాల మీద పనికిరావు. సాంబ్రాణి పొగ లేత ఊపిరితిత్తులకి మంచిది కాదు. వస, ఆముదం, తేనె నాలిక్కి రాయకూడదు. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదు, తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దే వద్దు. బరువు తక్కువ పిల్లలకి డాక్టరు సరే అనేదాకా కాళ్ళ మీద వేసుకుని తలారా నీళ్ళు పోయడం మానుకుని తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇద్దరినీ వెల్లకిలా, గట్టి పరుపు మీద, విడివిడిగా పడుకోబెట్టాలి. చుట్టూ మెత్తటి దిండ్లు పేర్చకూడదు. ఇవన్నీ పాటిస్తే మన పెద్దరికానికి వచ్చే లోటేమీ లేదు. జోలపాట, నూనె రాసే చెయ్యి, బాలింతకి వేడివేడిగా అన్నం కలిపి పెట్టడం ఇంకా మన దగ్గరే ఉన్నాయి.

మరిచిపోకూడనిది ఇంకోటుంది, కళ్ళ పరీక్ష. 34 వారాల కంటే ముందు పుట్టినా, రెండు కిలోల కంటే తక్కువ బరువున్నా, పుట్టిన 30 రోజుల లోపు కంటి వెనక రెటీనాని పరీక్ష చేయించి తీరాలి. నెలలు నిండని పిల్లల్లో అక్కడి రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగే జబ్బు ఒకటుంది. వేళకి పట్టుకుంటే చూపు నిలుస్తుంది. పైకి చూస్తే కళ్ళు చక్కగానే కనిపిస్తాయి, అదే మోసం. ఇంటికి పంపే కాగితంలో ఈ పరీక్ష తేదీ రాశారా లేదా అడిగి చూసుకోండి. టీకాలు పుట్టినరోజు లెక్కనే వేయించాలి. ఎదుగుదల మాత్రం పుట్టాల్సిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డ ఐదో నెలలో మూడు నెలల బిడ్డలా ఉంటే అది ఆలస్యం కిందికి రాదు. "అదేంటి, ఇంకా మెడ నిలపలేదా" అని పక్కింటివాళ్ళు అంటే ఈ లెక్క చెప్పండి. ఇద్దర్లో ఒకరు ముందు నవ్వుతారు, ఒకరు వారం తర్వాత నవ్వుతారు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి మార్కులు వేసే అలవాటు ఆ వయసులోనే మొదలుపెట్టకండి.

"ఇద్దరూ ఆడపిల్లలేనా" అని గొంతు తగ్గించి అడిగినవాళ్ళూ వచ్చారు మా ఇంటికి. అంత నిద్రలేమిలో, ఒళ్ళంతా నొప్పులతో ఉన్న పిల్ల చెవిన ఆ మాట పడితే ఎలా ఉంటుందో అడిగేవాళ్ళు ఆలోచించరు. నేను వాళ్ళని బాలింత గదిలోకి పంపలేదు. పురిటిల్లు బెంగకి అనువైన చోటు. మొదటి రెండు వారాలు ఊరికే కన్నీళ్ళు రావడం చాలామందికి ఉండేదే. ఆ తర్వాత కూడా ఏడుపు ఆగకపోయినా, పిల్లల మీద మనసు పోవడం లేదన్నా, అవకాశం ఉండీ నిద్ర పట్టడం లేదన్నా, "నేను లేకపోతేనే నయం" అన్నా ఒక్క రోజు కూడా ఆగకుండా డాక్టరుకి చెప్పండి. కవలల తల్లులకి ఈ దిగులు జబ్బు ఎక్కువగా వస్తుంది. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ వాళ్ళు ఏ వేళప్పుడైనా, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

సెలవుల సంగతీ చూద్దాం. 2017లో చట్టం మార్చాక మన దేశంలో ఉద్యోగం చేసే తల్లికి తొలి కాన్పుకి జీతంతో 26 వారాల సెలవుంది. కవలలని ఒక్కరోజు కూడా ఎక్కువ లేదు. పనీ, అలసటా రెండింతలైనప్పుడు సెలవు మాత్రం అంతే ఉండటం నాకు న్యాయంగా అనిపించదు. నాన్నలకి కేంద్ర ప్రభుత్వోద్యోగులైతే 15 రోజులు, ప్రైవేటులో అయితే యజమాని దయ. అమెరికాలో ఉన్న మనవాళ్ళ కష్టం ఇంకో రకం. అక్కడి దేశమంతటి చట్టం ఇచ్చేది 12 వారాలు, అదీ జీతం లేకుండా. అందుకే ఇక్కణ్ణుంచి అమ్మమ్మా తాతయ్యా ముందు వెళ్ళి, విజిటరు వీసా మీద ఇచ్చే ఆరునెలలూ ఉండి వస్తే, తర్వాత నాయనమ్మా తాతయ్యా విమానం ఎక్కుతారు. మోకాళ్ళ నొప్పులతో, మంచులో, భాష రాని ఊళ్ళో ఇద్దరు మనవల్ని చెరో భుజాన వేసుకుని తిరిగే ఆ పెద్దవాళ్ళని తలుచుకుంటే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

పురాణాల్లో చూసినా కవలల్ని ఒంటిచేత్తో పెంచిన తల్లి కనిపించదు. లవకుశులకి వాల్మీకి ఆశ్రమమంతా అండగా ఉంది. మాద్రి కన్న నకుల సహదేవుల్ని కుంతి పెంచింది. ఇప్పుడు ఆశ్రమాలు లేవు, ఉమ్మడి ఇళ్ళూ తక్కువ. మనిషిని పెట్టుకునే స్తోమతుంటే గుడ్డలకీ గిన్నెలకీ పెట్టుకోండి, నగల ఖర్చు తగ్గించుకుని అయినా సరే. లేకపోతే పక్కింటివాళ్ళూ, స్నేహితులూ, చుట్టాలే దిక్కు.

కాబట్టి కవలల్ని చూడటానికి వెళ్ళే మీకు నా మనవి. జలుబుంటే ఆ వారానికి మానుకోండి. వెళ్ళగానే చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇద్దరికీ ఒకేలాంటి గౌన్లు మా ఇంట్లో బోలెడు పోగయ్యాయి, మరో జత ఎందుకు? దాని బదులు కారియర్ నిండా అన్నం, పప్పు, కూర, చారు పట్టుకెళ్ళండి. బాలింతకి ఏ కూర పెడుతున్నారో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, వంకాయా గుమ్మడికాయా కొందరిళ్ళల్లో పెట్టరు. వాళ్ళు లేచి కాఫీ పెట్టబోతే వద్దనండి. దండెం మీద ఆరిన గుడ్డలు కనిపిస్తే తీసి మడతపెట్టండి. ఒక గంట కూర్చోగలిగితే, ఆ గంటా పిల్లలిద్దరినీ మీ దగ్గర ఉంచుకుని తల్లిని పడుకోమనండి. మొహమాటపడుతుంది, వద్దంటుంది. రెండోసారి కూడా చెప్పండి.